చుక్క కారని పంపు

గచ్చిబౌలిలో మా ఆఫీసులో కూర్చుని మేం జీడిమెట్ల ఫ్యాక్టరీల్లోని పంపుల చప్పుడు వింటాం. చెవులతో కాదు. మోటారు ఇరుసు పంపులోకి దూరే చోట రెండు రింగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. లోపలి ద్రవం బయటికి రాకుండా ఆపేది అవే. ఆ జతను సీల్ అంటారు. అది పాడవడం మొదలైతే మనిషి చెవికందని సన్నటి శబ్దం పుడుతుంది. పంపుకు అతికించిన సెన్సర్ దాన్ని పట్టి మాకు పంపిస్తుంది. కొన్నేళ్లుగా నా ఉద్యోగం ఇదే అయినా, ఈ సంగతి జరిగేదాకా నాకది తెరమీద కదిలే గీత మాత్రమే.

ఒక మందుల ఫ్యాక్టరీలో ఓ పంపు గీత ఉన్నట్టుండి పైకి లేచింది. సెన్సర్ వదులై ఉంటుందనుకుని మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అక్కడి సూపర్‌వైజర్ మెదక్ వైపు మనిషి, యాభై దాటినవాడు. నన్ను నేరుగా పంపు దగ్గరికే తీసుకెళ్లాడు.

"ఏంది మేడమ్, చుక్క గూడ కారుతలేదు. జర మీరే చూడుండ్రి."

నిజమే, నేల పొడిగా ఉంది. ఆ పంపు తోడేది వేడి సాల్వెంట్. పెట్రోలులా భగ్గున అంటుకునే ద్రవం. దాని పక్కనే గోడ నీడలో, ఊడ్చే ఆవిడ టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చుంది. రోజూ అక్కడే తింటుందట.

సెన్సర్ గట్టిగానే ఉంది. నా దగ్గరున్న పరికరం ఆ సన్నటి శబ్దాన్ని చెవికి వినబడేలా మారుస్తుంది. హెడ్‌ఫోన్స్ ఆయనకిచ్చి ముందు అవతలున్న మంచి పంపు వినిపించాను. సన్నగా వాన పడుతున్నట్టుంది. తర్వాత ఇది. ఇసుక కలిసిన పప్పు రుబ్బుతున్నట్టు బరబరమంది. ఆయన మొహం మారిపోయింది.

కంట్రోల్ రూముకు వెళ్లి మేనేజర్‌కు ఫోన్ చేశాడు. మందు బ్యాచ్ తయారీ సగంలో ఉంది, లీకేమీ లేనప్పుడు సాయంత్రం దాకా ఆపడానికి వీల్లేదన్నారట. ఆయన తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"నిజం చెప్పు మేడమ్. ఏమైతది?"

"గ్రాఫ్ ప్రకారం చూస్తేనండీ..."

"గ్రాఫ్ సంగతి గాదమ్మా. సాయంత్రం దాక ఈ పంపు పక్కన నువ్వు కూసుంటవా?"

"కూర్చోనండి," అన్నాను. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

ఆయన ఊడ్చే ఆవిడ వైపు తిరిగాడు. "అక్కా, డబ్బ తీస్కొని లేవు. అటు దూరం బోయి తిను," అని పంపు ఆపే ఎర్ర బటన్ నొక్కేశాడు.

పంపు చల్లారి, లోపలి ద్రవమంతా తీసేసరికి మధ్యాహ్నమైంది. ఫిట్టర్లు సీల్ బయటికి లాగారు. అందులోని నల్లటి కార్బన్ రింగు వాళ్ల చేతుల్లోనే ముక్కలైపోయింది. ఎప్పుడో చుట్టూ పగిలి, వెనకనున్న స్ప్రింగు నొక్కి పట్టుకోబట్టి ఆగింది, అంతే. ఆ స్ప్రింగు ఒక్కసారి జారి ఉంటే వేడి సాల్వెంట్ ఆ గోడ నీడలోకే చిమ్మేది. పరుగున వచ్చిన మేనేజర్ ఒక ముక్క తీసి చేతిలో తిప్పి చూశాడు.

"ఏమైంది సార్?" అంది ఊడ్చే ఆవిడ దగ్గరికొస్తూ.

సూపర్‌వైజర్ మెట్టు మీద కూలబడి నీళ్లు తాగబోయాడు. సగం చొక్కా మీదే ఒలికాయి. "ఏం లేదక్కా, ఫికర్ చెయ్యకు," అన్నాడు చివరికి. ఆవిడకు అర్థం కాలేదు. నన్ను చూసి నవ్వింది. నేను తిరిగి నవ్వలేకపోయాను.

ఆఫీసుకొచ్చాక పక్క సీటు అమ్మాయి అడిగింది, "డేటా కరెక్టేనా?" అని. తలూపి, కాఫీ కప్పు పక్కన పెట్టేశాను.

ఆ పంపుకు కొత్త సీల్ వేశారు. బ్యాచ్ పాడైందని ఫ్యాక్టరీవాళ్లు కొన్నాళ్లు గొడవపడి ఊరుకున్నారు. ఇప్పుడు నేను ఏ ఫ్యాక్టరీకి ఫోన్ చేసినా, ముందుగా అడిగేది పంపు దగ్గర ఎవరైనా కూర్చున్నారా అనే.