అక్క చెంప మీది మచ్చ

నిన్న ఇక్కడ అమెరికాలో, మా నోవై ఊళ్ళో మంచు పడుతుంటే, మనవరాలు టీవీలో పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్ పెట్టింది. అందమైన అమ్మాయిలా కనిపించిన గ్రహాంతరవాసి ఆ మాయ తీసేసి అసలు ముఖం చూపించింది. నాకు మా అక్క గుర్తొచ్చింది.

మన ఈడు వాళ్ళకు చెక్క తలుపుల టీవీ గుర్తుండే ఉంటుంది. వీధికంతా ఒకటే. గుమ్మం ముందు చెప్పుల గుట్ట, వేడెక్కిన పెట్టెలోంచి దుమ్ము వాసన. ఓ ఆదివారం అందులోనూ ఇలాంటి సీనే వచ్చింది.

"ఒరేయ్, అచ్చం మీ అక్కేరా," అన్నాడు పక్కింటి రాంబాబు. అక్క చెంప మీద పెద్ద నల్లటి పుట్టుమచ్చ ఉండేది.

"నేనే నయం కదరా, నాకు కొమ్ములు లేవు," అంది అక్క. అందరూ నవ్వారు. తర్వాత నా చెవిలో మెల్లగా అంది: "ముసుగు తీశాక దాని ప్రాణం ఎంత హాయిగా ఉందో చూడు."

పెళ్ళిసంబంధాలకు పంపాలని అమ్మ ఫొటో తీయించింది. స్టూడియో ఆయన బ్రష్షుతో మచ్చ కనబడకుండా చేశాడు. అమ్మ మురిసిపోయింది. అక్క ఆ ఫొటో ముట్టుకోలేదు.

ఆ వానాకాలమే జ్వరంతో అక్క పోయింది. దండ వేయడానికి ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. ఇన్నేళ్ళుగా దానికే దణ్ణం పెట్టుకుంటున్నాను.

ఇదంతా చెప్పాక మనవరాలు పూజగదిలోకి వెళ్ళి చూసొచ్చింది.

"ఫొటోలో మచ్చ లేదే తాతా. ఏ సైడ్ ఉండేది?"

ఎంత ఆలోచించినా చెప్పలేకపోయాను. మన వీధి వాళ్ళు ఎవరైనా ఇది చదివితే, కుడి చెంపో ఎడమ చెంపో కాస్త చెప్పండి.