రాతి వాలు మీద పద్నాలుగు ఫ్లాట్లు

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక వేసవిలో, హైదరాబాద్‌లోని మా సంస్థ నాకు నారాయణఖేడ్‌లో పదహారు ఫ్లాట్ల భవనం అప్పగించింది. అప్పటికి నేను సీనియర్ ఆర్కిటెక్ట్‌ను. స్థలం బాగా వాలు, నడుమ పెద్ద రాతిబండ. ఎలాగూ చదును చేస్తారు కదా అని ఆఫీసులోనే ప్లాను గీసి సంతకం పెట్టాను.

బండ ఎంత గట్టిదో చూద్దామని కాంట్రాక్టరు దానికి బెజ్జం వేయించి, మందుగుండు కూరి ఒక తూటా పేల్పించాడు. మర్నాడు నేను వెళ్లేసరికి పక్కింటి ఖాజాబీ నా కోసం ఎదురుచూస్తోంది. డెబ్బై దాటిన మనిషి. కోడలితో కలిసి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. రాయీ మట్టీతో కట్టిన ఇల్లు. లోపలికి పిలిచి గోడ చూపించింది. చిటికెనవేలు దూరేంత బీట.

“నీ కాయితంల మా ఇల్లు ఏడుంది బిడ్డా? జర చూపెట్టు,” అంది.

ప్లాను విప్పాను. గీతలన్నీ మా హద్దు దగ్గరే ఆగాయి. అవతల ఉత్త కాగితం. ఆమె ముందు నిలబడడానికి సిగ్గేసింది.

ఆ పూటే పేలుళ్లు ఆపమని రాసిచ్చాను. సైటులో ఆర్కిటెక్ట్ రాసిచ్చిన ఆదేశాన్ని కాంట్రాక్టరు కాదనలేడు. భవనం కట్టిస్తున్న స్థల యజమాని సంగతి వేరు. ఆయన విత్తనాల వ్యాపారి.

“బండ పోకుంటే బండ్లు ఏడ పెట్టుకుంటరు మేడం? ఇగ నన్ను పరేషాన్ చెయ్యకుండ్రి,” అన్నాడు. వారంలో దారి చూపకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటానన్నాడు.

అక్కడే ఉండి కాంటూర్ సర్వే, అంటే నేల ఎత్తుపల్లాల కొలత, దగ్గరుండి చేయించాను. ఖాజాబీ వచ్చి, “వాన నీళ్లు గిట్ల దిగుతయి. గా మూలకు అడ్డం కట్టకు,” అని చెప్పింది. ఆ మూల వదిలేశాను. భవనాన్ని మూడు భాగాలు చేసి, వాలు వెంట ఒక్కోదాన్ని సగం అంతస్తు కిందికి దించాను. బండ మీదే పునాది నిలిచింది. పల్లం వైపు భాగం కింద తవ్వకుండానే కార్లకు చోటు దొరికింది. కింది గోడలకు ఊళ్లో ఇళ్లకు వాడే ఎర్రరాయే ఎంచుకున్నాను. పని మొదలయ్యాక దాన్ని చెక్కడానికి దగ్గర్లోని మనూర్ నుంచి మేస్త్రీలు వచ్చారు. రెండు ఫ్లాట్లు తగ్గాయి, కానీ బండ పగలగొట్టే ఖర్చు తప్పింది.

వారం గడువులోపే చూపించిన ఆ కొత్త నక్షను యజమాని అటూ ఇటూ తిప్పి చూసి, “గిదేదో ముందే గియ్యకపోతిరా,” అన్నాడు. ఖాజాబీ గోడ బాగుచేయించడానికీ ఒప్పుకున్నాడు.

ఆమె ఫిర్యాదు చేసి ఉంటే నా ఉద్యోగం చివర్లో ఒక మచ్చ మిగిలేది. ఆమె నన్ను ఇంట్లోకి పిలిచింది. అందుకు నేనెప్పటికీ కృతజ్ఞురాలిని. ఆ తర్వాత చేసిన ప్రతి పనిలోనూ ముందు పొరుగు గోడలు, నీటి దారులు గుర్తించి, ఆ పైనే మా భవనం గీశాను. సర్వీసు మొదట్లో నేర్చుకోవలసిన పద్ధతి అది. నాకు చివర్లో అబ్బింది.