పట్టాల అవతలి నగరవాసులు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను హైదరాబాదులోని ఒక తెలుగు దినపత్రికలో నగర విలేకరిగా వేశారు. అంతకుముందు అక్కడే ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా స్వస్థలం స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె.

అప్పట్లో రైలు పట్టాల అవతలి బస్తీలకు విలేకరులెవరూ వెళ్లేవారు కాదు. పొద్దున్నే పోలీసు ప్రకటన వచ్చేది. దాన్నే తెలుగు చేసి, ‘అసాంఘిక శక్తులకు నిలయమైన’ అన్న ముక్క తగిలించి కాపీ, అంటే అచ్చుకు వెళ్లే ప్రతి, తయారు చేసేవాళ్లం. నగరం నడిబొడ్డున దొంగతనం జరిగితే దొంగ చెడ్డవాడు. పట్టాల అవతల జరిగితే బస్తీ మొత్తం చెడ్డది.

ఒకరోజు వచ్చిన ప్రకటన చదివి నాకు ఒళ్లు మండింది. జనగామ, మహబూబాబాద్ తాలూకాల నుంచి పారిపోయి వచ్చిన అనుమానితులు ఒక బస్తీలో దాగి ఉన్నారట, గుడిసెలు తీసేయించే ఆలోచన ఉందట. సాయుధ పోరాటం సాగుతున్న రోజులు. మా వైపు తాలూకాల పేరు చెబితే చాలు, ఠాణాకు రమ్మనేవారు. ఆ ప్రకటన ఉన్నదున్నట్టు అచ్చయితే గుడిసెలు పోతాయి, మగవాళ్లు జైలుకు పోతారు. న్యూస్ ఎడిటర్‌ను సాయంత్రం దాకా గడువు అడిగి సైకిలెక్కాను.

అక్కడ ఎవరిని ఏ ఊరని అడిగినా “గిదే ఊరు” అన్నారు. యాస మాత్రం అచ్చంగా మా వైపుది. మా దిక్కున మంచినీళ్లు ఇస్తూనే ఊరూ ఇంటిపేరూ అడుగుతారు. అలాంటి మనుషులు సొంత ఊరి పేరు మింగేసి బతుకుతున్నారు. చివరికి రాళ్లు మోసే కొమురవ్వ అనే ఆమె నన్ను పక్కకు పిలిచింది.

“నీ మాటతోనే ఎరుకైంది బిడ్డా, నువ్వు మా దిక్కోనివే. మా పేర్లు రాయకు, ఊర్ల పేర్లు రాయకు. గట్లని దొంగలమని రాయకు. కష్టం జేసుకొని బతుకుతున్నం” అంది.

పేర్లు లేనిది గాలివార్త అన్నది మా వృత్తిలో మొదటి పాఠం. పేర్లు రాస్తే వీళ్లకు ముప్పు. ఆలోచించి, వాళ్లు పనిచేసే చోట్లకు వెళ్లాను. దవాఖాన కడుతున్న మేస్త్రీని, మిల్లులో కూలీల మీద ఉండే జమేదారును, బస్తీవాళ్ల దగ్గర పాలు పోయించుకునే వకీలు గారి భార్యను కలిశాను. వాళ్ల పేర్లు, మాటలు రాసుకున్నాను. “వీళ్లు రాకుంటే నా గోడ లేవది” అన్నాడు మేస్త్రీ.

న్యూస్ ఎడిటర్ కోస్తా మనిషి. నేను రాసిచ్చిన కాపీ చదివి, అన్నీ సాక్షుల పేర్లే, కోర్టు కాగితంలా ఉందేమయ్యా అని నవ్వాడు. బస్తీవాళ్లను నేను ‘నగరవాసులు’ అన్న చోట ఆ మాట కొట్టేసి ‘గుడిసెవాసులు’ అని రాశాడు. నేను ఒప్పుకోలేదు. పగలంతా నగరానికి గోడలు కట్టేవాళ్లు రాత్రికి పరాయివాళ్లు ఎలా అవుతారని గట్టిగానే అడిగాను. తను రాసింది కొట్టేసి, నా మాటే ఉంచాడు.

వార్త వచ్చిన రోజే ఒక పోలీసు అధికారి ఆఫీసుకు వచ్చి బస్తీవాళ్లవి ఏ ఊర్లని నిలదీశాడు. అడిగితే ఇదే ఊరన్నారని, అదే రాశానని చెప్పాను. అందులో అబద్ధం లేదు. గుడిసెలు తీసేస్తే దవాఖాన పని ఆగిపోతుందని పై నుంచి మాట వచ్చిందట, గుడిసెల జోలికి ఎవరూ రాలేదు.

తర్వాత నేనే న్యూస్ ఎడిటర్నయ్యాను. వెళ్లి చూడకుండా బస్తీకి విశేషణం తగిలించిన కాపీని, ఎవరు రాసినా వెనక్కి పంపాను. పోలీసు ప్రకటనతో వార్త మొదలవుతుందే గాని పూర్తికాదని ఆ రోజే నేర్చుకున్నాను. ఆ తర్వాత మొదటి పేజీ వార్తలు చాలా రాశాను. వాటిలో దేనితోనూ ఇలా ఎవరి ఇల్లూ నిలబడలేదు.