తాండూరు కుప్పలో తెల్ల కందులు

వికారాబాద్ స్టేషన్‌లో ప్యాసింజర్ బండి ఎక్కేటప్పటికి ఉదయం ఏడు నలభై. జనవరి చలి. చేతిసంచిలో నాలుగు కాగితాల ఉపన్యాసం ఉంది. టాంజానియా నుంచి కంది రైతుల, వ్యాపారుల బృందం ఒకటి ఆ రోజు తాండూరు మార్కెట్ చూడడానికి వస్తోంది. వాళ్ల ఇంగ్లీషును తెలుగులో చెప్పే మనిషి కావాలని అక్కడి వ్యాపారులు మా లైబ్రేరియన్‌ను అడిగితే ఆయన నా పేరు చెప్పాడు. మధ్యాహ్నం సభలో నన్నూ నాలుగు మాటలు మాట్లాడమన్నారు. పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా ఇంగ్లీషంతా ఆ గ్రంథాలయంలోని పేపర్ల నుంచి, అట్టలూడిన పుస్తకాల నుంచి వచ్చిందే. రెండు వారాలు అక్కడే కూర్చుని ఆ దేశానికీ మనకూ ఉన్న స్నేహం గురించి చదివాను. రుతుపవనాల గాలికి తెరచాపలెత్తిన వర్తకులు, జాంజిబార్ లవంగాలు, ఇప్పుడు మనం కొంటున్న కందులు, అన్నీ రాసుకున్నాను.

ఎదురు సీట్లో కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతున్న మనిషి, ఒళ్లో టిఫిన్ డబ్బా. నా పెదవులు కదలడం చూసి నవ్వాడు.

"ఏం సారూ, పరీక్షనా?"

"కాదు. రెండు దేశాల స్నేహం మీద మాట్లాడాలి."

"గట్లనా! అయితే మాకు గూడ జర వీసాలు ఇప్పియ్యరాదు" అని పక్కవాడికి కన్ను గీటాడు.

అతనికి లవంగాల వ్యాపారం వివరించడం మొదలుపెట్టాను. ధారూరు వచ్చేసరికి అతను నిద్రపోయాడు.

ఎనిమిదిన్నరకు తాండూరు. స్టేషన్ బయట ఇడ్లీ, చాయ్ అయ్యాక షేర్ ఆటోలో మార్కెట్ యార్డుకు వెళ్లాను. చూడాలనుకునేవాళ్లు పదిలోపు చేరుకోవాలి. హరాజు, అంటే వేలం, పదకొండుకు మొదలవుతుంది. యార్డు నిండా ఎర్రటి కందుల కుప్పలు. కొనే సేట్లు కుప్ప కుప్ప దగ్గరా ఆగి, నడుమ నుంచి పిడికెడు తీసి అరచేతిలో పరుస్తారు. ఒక గింజ కొరికి చూస్తారు. వేరే రకం గింజ కనబడితే మాట్లాడకుండా ముందుకు పోతారు. ఆ కుప్ప సంగతి ఆఖరికే.

బృందంలో నీమా గారు ఒకరు. తలకు రంగుల గుడ్డ చుట్టుకున్న యాభై ఏళ్ల మనిషి, తానే కంది రైతు. తమ ఊరి కందులు కానుకగా తెచ్చి, ఆ సంచి నా చేతికిచ్చారు.

"మీ కందికీ మాదానికీ తేడా ఏమిటి?" అని అడిగారు.

నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. నల్లరేగడి గురించి, దాని అడుగున ఉన్న సున్నపురాయి గురించి చెప్పాను. నలుగురు చేరారు. కళ్లకు కట్టినట్టు చూపించాలనిపించింది. సంచి విప్పి, పక్కనున్న కుప్ప కొనమీద పోసేశాను. తెల్లటి గింజలు ఎర్ర కుప్ప మీద నాలుగు వైపులా జారాయి.

"చూశారా!" అన్నాను.

"ఓరి దేవుడా, ఎంత పని చేస్తివి సారూ!" అని ఒక హమాలీ తల పట్టుకున్నాడు.

కుప్ప వెనక నుంచి ఒకామె లేచింది. బషీరాబాద్ దిక్కు నుంచి వచ్చిన రైతు, పేరు బాలమణి.

"మూడుసార్లు చెరిగిన. రాళ్లు, పుల్లలు, పుచ్చులు ఒక్కొక్కటి ఏరిన. గీ ఏడాదన్న ఫస్టు రేటు కొట్టాలని నిన్నటి సంది కావలున్న. ఇప్పుడు సేటు పిడికిట్ల గీ తెల్లయి వస్తే ఎవలు కొంటరు?"

"కొన్ని గింజలే కదమ్మా" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"కుండెడు పాలల్ల ఉప్పు గూడ రవ్వంతనే. తాగుతవా సారూ?"

హమాలీ పైపొర ఎత్తి టార్పాలిన్ మీద పోశాడు. నేను విషయం చెప్పకముందే నీమా గారికి అర్థమైంది. బాలమణి పక్కన చతికిలబడి "పోలే సానా" అన్నారు. అందరూ నా వైపు చూశారు. నాకు తెలియదు. అన్ని పుస్తకాలు తిరగేసి ఆ దేశపు మాట ఒక్కటైనా నేర్చుకోలేదు. నొచ్చుకున్నామని చెప్పే మాట అని ఆవిడే ఇంగ్లీషులో చెప్పారు.

ముగ్గురం ఏరుతున్నాం.

"గీ అమ్మనడుగు" అంది బాలమణి. "వీళ్ల కందులు ఓడల్ల దిగినప్పుడల్లా మా రేటు పడ్తదంటరు. నిజమేనా?"

నా ఉపన్యాసంలో రైతులిద్దరూ బాగుపడుతున్నారనే వాక్యం ఒకటుంది. ఈ ప్రశ్నను మెత్తగా మార్చి చెబుదామనుకున్నాను. బాలమణి నా మొహంలోకే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

నీమా గారి చెయ్యి ఆగింది. "మీ దేశం కొనడం ఆపిన ఏడాది మా ఊళ్లో కందులు సంచుల్లోనే పురుగు పట్టాయి. ఎవర్ని అడగాలో మాకూ తెలియలేదు" అన్నారు.

అది తెలుగులో విని బాలమణి ఇంకో తెల్ల గింజ ఏరి పక్కన పెట్టింది. "ఇద్దరి బతుకులు ఒక్కతీర్గనే ఉన్నయన్నట్టు. ఏరుండ్రి, ఏరుండ్రి, సేట్లు వస్తున్రు" అంది.

ఖాళీ సంచి ఆ హడావుడిలో ఎటు పోయిందో కనబడలేదు. ఏరిన గింజలు పెట్టడానికి కాగితం కావాలి. నా దగ్గరున్నది ఉపన్యాసమే. నాలుగు కాగితాలూ పొట్లాలయ్యాయి.

పదకొండుంబావుకు సేటు వచ్చాడు. పిడికిట్లో రెండు తెల్ల గింజలు. జారవిడిచి ముందుకు పోయాడు. అన్ని కుప్పలూ అమ్ముడయ్యాక, పన్నెండు దాటాక, బాలమణి కందులు ఫస్టు రేటు కంటే తక్కువకు పోయాయి. నీమా గారు ఒక పొట్లం విత్తనానికి ఇవ్వబోయారు.

"వద్దు తల్లీ! నా చేన్ల కలిస్తే మళ్ల గిదే లొల్లి" అంది బాలమణి.

నేను ఇంగ్లీషులో చెప్పగానే ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బాలమణి జొన్నరొట్టె మూడు ముక్కలు చేసి ఒకటి నాకిచ్చింది.

"తిను సారూ. మస్తు సదివినవట. జర అడిగి పోస్తే ఏమయితుండె?"

రొట్టె తిన్నాను. మధ్యాహ్నం సభలో నేను ఉపన్యసించలేదు, ఇతరుల మాటలు అనువదించాను, అంతే.

సాయంత్రం ఆరింటి బండిలో మళ్లీ ఆ ఫ్యాక్టరీ మనిషే. "ఎట్లయింది సారూ, దోస్తీ?"

బాగా జరిగిందని నోటిదాకా వచ్చింది. ఆపుకుని అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"మరి ఆమెకు ఫస్టు రేటు?"

"రాలేదు."

అతను ధారూరు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఈసారి నిద్రపోలేదు.

తాండూరు తప్పకుండా వెళ్లండి. పొద్దున బండిలో రద్దీ ఉండదు, యార్డు చూడదగ్గది. కుప్ప పక్కన నిలబడితే మాత్రం ముందు అది ఎవరిదో అడగండి. నేను రాసుకున్న నాలుగు కాగితాల్లోనూ ఆ ప్రశ్న లేదు.