మరగనివ్వని కషాయం

కొన్నేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే వ్యవహారం ఇంతవరకూ వచ్చేది కాదు.

మా అత్తయ్య చేత నేను మద్యం తాగించాను. మొదటిసారి పొరపాటున. ఆ తర్వాత నెలల తరబడి, తెలిసి తెలిసి.

ఓస్, ఇంతేనా అనుకుంటారేమో. అయితే ఆవిడ ఎవరో చెప్పాలి. మా మామగారు సారా తాగి తాగి పోయారు. అప్పటికి మా ఆయన పలక పట్టుకుని బడికి వెళ్లే పిల్లవాడు, మరిది చంకలో ఉన్నాడు. నెల్లూరు వైపు పల్లెల్లో ఆడవాళ్లు సారా దుకాణాల ముందు బైఠాయించిన రోజుల్లో అత్తయ్య ముందు వరుసలో కూర్చుంది. సారా ప్యాకెట్లు పళ్లతో చించి రోడ్డు మీద పారబోసింది. కొడుకులు పెద్దవాళ్లయ్యాక జన్మలో తాగబోమని ఇద్దరి చేతా తన తల మీద ఒట్టు వేయించుకుంది. దగ్గు మందు కొన్నా సరే, అందులో ఏమేం కలిపారో చదివి వినిపిస్తే తప్ప ఆవిడ సీసా మూత తియ్యదు. అలాంటి మనిషి.

మా ఆయన ఆ ఒట్టు ఇప్పటికీ తప్పలేదు. ఆఫీసు పార్టీల్లో ఆపిల్ జ్యూస్ గ్లాసు పట్టుకుని నిలబడతాడు. ఒట్టు నేను వెయ్యలేదు. నన్నెవరూ అడగలేదు.

మేముండేది జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో. కింది వాటాలో ఉండే జర్మన్ ముసలావిడకు ఊరి బయట ఆపిల్ చెట్లున్నాయి. కరోనాకు ముందు శరదృతువులో రాలిన కాయలు ఏరడానికి సాయం వెళితే, పిండించిన రసంలో నా వాటా ఇచ్చి, దాన్ని పులియబెట్టడం కూడా నేర్పింది. ఆవకాయ కలిపే ఇంట్లో పెరిగినదానికి అదేమంత కష్టం కాలేదు. అక్కడ తడి చెయ్యి తగలకూడదు, ఇక్కడ మురికి చెయ్యి తగలకూడదు, అంతే తేడా. పెద్ద గాజు కుప్పెను సోడా పొడితో, వేణ్ణీళ్లతో కడగాలి. రసం మెడదాకా పొయ్యకూడదు, నురగ పొంగడానికి చోటు వదలాలి. ఈస్టు వేసి, లోపలి గాలి బయటికి పోయేలా, బయటి గాలి లోపలికి రాకుండా నీళ్ల మూత బిగించాలి. బుడగలు ఆగిపోయాయి కదా అని తొందరపడకూడదు. రుచి చూడాలి. నాలుక మీద తీపి ఏమాత్రం తగిలినా ఇంకా పులుస్తుందన్నమాట. అప్పుడు సీసాల్లో పోస్తే అవి పగులుతాయి. అడుగున మడ్డి కదలకుండా గొట్టంతో పైది తోడుకోవాలి. నాకు భలే కుదిరింది. పుల్లగా, తేటగా, బీరుకంటే ఓ రవ్వ ఘాటుగా. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఏ దశలో ఏమవుతుందో నాకు బాగా తెలుసు. తెలియక చేశాను అనడానికి నాకు దారి లేదు.

ఫిబ్రవరిలో అత్తయ్య వచ్చింది. సీసాలన్నీ భవనం కింద సామాన్లు పెట్టుకునే కెల్లర్‌లోకి దించి కారు టైర్ల వెనక దాచాను. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఆ మెట్లు దిగదు. ఆవిడ వచ్చిన కొన్నాళ్లకే లాక్‌డౌన్ వచ్చిపడింది. విమానాలు ఆగిపోయాయి. పిల్లను వదిలే కీటా, అంటే చిన్నపిల్లల బడి, మూసేశారు. వీసా పొడిగింపుకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకదు, మెయిల్ పెడితే జవాబు రాదు. రెండు గదుల ఇంట్లో ఇద్దరం పొద్దస్తమానం కాల్స్‌లో, మధ్యలో నాలుగేళ్ల పిల్ల, దాని పక్కన ఫోన్‌లో తెలుగు వార్తలు పెట్టుకుని కళ్లు ఒత్తుకుంటూ అత్తయ్య. "నేనీడ పోతే నన్ను పెట్టెలో పెట్టి పూడ్చేస్తారంట గదా అమ్మాయ్?" అని రోజుకోసారి అడిగేది. ఆవిడకు నిద్ర లేదు. రాత్రంతా నడవాలో అటూ ఇటూ తిరిగేది. ఆ అడుగుల చప్పుడుకు నాకూ నిద్ర లేదు. పొద్దున మీటింగులో ఎవరో ఏదో అడిగితే ఏం అడిగారో కూడా తెలిసేది కాదు. ఒళ్లు హూనమైపోయింది.

ఒక సాయంత్రం నా కోసం ఒక సీసా తెచ్చి, గిన్నెలో పోసి, అల్లం, మిరియాలు, కాస్త బెల్లం వేసి వేడి చేసుకున్నాను. ఇక్కడి వాళ్లు చలికాలం తాగుతారు, అలా. గ్లాసులో పోసి బల్ల మీద పెట్టి పిల్ల ఏడిస్తే గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గ్లాసు అత్తయ్య చేతిలో ఉంది. సగం ఖాళీ.

"నా కోసం కషాయం కాచావా తల్లీ? ఎంత బాగుండాదో!" అంది.

అప్పుడే చెప్పాల్సింది. అయ్యో అత్తయ్యా, అది మీకు కాదు అని గ్లాసు లాక్కోవాల్సింది. ఆవిడ ఒట్టు మాట నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు, నమ్మండి. నేను తాగుతానని తెలిసిపోతుందే అన్నదొక్కటే గుర్తొచ్చింది. ఆ రాత్రి ఆవిడ హాయిగా పడుకుంది. నేనూ పడుకున్నాను.

మర్నాడు మళ్లీ అడిగింది. ఈసారి బుద్ధిగా ఉందామనుకున్నాను. నీళ్లకంటే ముందు మద్యమే ఆవిరైపోతుంది కాబట్టి, సగానికి సగం ఇగిరేదాకా కుతకుతా మరిగించి ఇచ్చాను. ఇక మిగిలేది ఆపిల్ పులుపు, అల్లం ఘాటు. ఆవిడ తాగి, "ఇయ్యాల సారం లేదమ్మాయ్" అని మూతి విరిచింది. ఆ రాత్రి నడవాలో మళ్లీ అడుగులు.

మూడో నాడు గిన్నె అంచున సన్నగా ఆవిరి లేవగానే పొయ్యి కట్టేశాను.

నా తప్పు సరిగ్గా అక్కడుంది. మొదటి రోజుది పొరపాటు. రెండో రోజు దిద్దుకోబోయాను. మూడో రోజు పొయ్యి కట్టిన చెయ్యి నాదే, తెలిసే కట్టాను. ముసలి ప్రాణం నిద్రపోతుంది పాపం అని నాకు నేను చెప్పుకున్నాను. ఉత్తమాట. నా నిద్ర కోసం చేశాను. ఇంట్లో ఆ ఏడుపు ఆగడం కోసం చేశాను. బీపీ మాత్రలు వేసుకునే మనిషి, ఏమైనా అయితే ఎలా అన్న ఆలోచన రాలేదా? వచ్చింది. పక్కకు నెట్టాను. ఆ గ్లాసులో ఏముందో మా ఆయనకూ చెప్పలేదు.

ఆవిడ తెలిసే తాగిందేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది. కాని లేదు. ఆవిడకు తెలిసినది సారా కంపు. ఆపిల్ వాసన వేసే మత్తు ఆవిడ ఊహకు అందేది కాదు. ఒకసారి పిల్ల దగ్గుతుంటే, "దీనిక్కూడా రవ్వంత పట్టు" అని గ్లాసు దాని నోటి దగ్గర పెట్టబోయింది. నేను విసురుగా లాగేశాను, సగం గచ్చు మీద ఒలికింది. "ఘాటెక్కువత్తయ్యా, పిల్లలకు పడదు" అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. "తల్లివి, నీకు తెలవదా" అంది. నా కూతురికి చుక్క తగలనివ్వని నేను, ఆవిడకు రోజూ నా చేత్తో పోశాను.

ఆవిడ తేరుకుంది. నవ్వింది, పిల్లకు పాటలు నేర్పింది. ఊళ్లోవాళ్లకు ఫోన్ చేసి మా కోడలి చేతి కషాయం అని చెప్పుకుంది. సిగ్గు లేకుండా నేను పొంగిపోయాను కూడా. విమానాలు మొదలయ్యాక వెళ్లిపోయింది. కాచే పద్ధతి అడిగితే ఆపిల్ జ్యూస్, అల్లం, మిరియాలు, బెల్లం అని చెప్పాను. ఊరెళ్లాక కొన్నాళ్లు నిద్ర పట్టక అల్లాడిందట. "ఎట్ట కాసినా నీ చేతి గుణం రాలేదమ్మాయ్" అంది ఫోన్‌లో.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఇది నాతోనే పోయేది.

మరుసటేడు మరిది స్నేహితుడి ఇంట్లో ఒక బీరు తాగాడు. ఒకటే. ఎవరో చెప్పారు. అత్తయ్య అతని బట్టలు వీధి అరుగు మీద పెట్టి తలుపు వేసుకుంది. కడుపుతో ఉన్న భార్యను తీసుకుని అతను అదే ఊళ్లో అద్దె ఇంట్లోకి వెళ్లాడు. మా ఆయన అమ్మకు నచ్చజెప్పాలని ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను.

"అమ్మా, వాడు నాన్న లాంటోడు కాదు. ఒక్క గ్లాసుకే ఇంత శిక్షా?"

"మీ నాయన గూడా మొదట ఒక గ్లాసే అన్నాడు."

"రోజులు మారినయ్యమ్మా."

"నేను మారలేదు గదా! ఇన్నేళ్లు ఒక్క చుక్క అంటకుండా బతికుండా. నా కడుపున పుట్టినోడు ఉండలేడా? నీ పెళ్లాన్ని చూడు, అంత దూరదేశంలో ఉండి గూడా ఎంత పద్ధతిగా ఉండాదో. ఏమ్మా, లైన్లో ఉండావా? నువ్వు చెప్పు. నేను జేసింది తప్పా?"

మా ఆయన నా వైపు చూశాడు. తప్పేనని చెప్పు అన్నట్టు కళ్లతో బతిమాలాడు. కత్తి పక్కన పెట్టాను. చెప్పాల్సింది నాలుక చివర ఉంది. అత్తయ్యా, మీరూ తాగారు, నేనే పోశాను, మీరేమీ చెడిపోలేదు, వాడూ చెడిపోడు. ఈ నాలుగు ముక్కలు చాలు.

"లేదత్తయ్యా," అన్నాను. "మీరు చేసింది సరైనదే."

మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. నా మాట చేరినట్టుంది, రెండు రోజుల తర్వాత మరిది దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "నువ్వు కూడానా వదినా?" అని. నేను జవాబివ్వలేదు. అతను మళ్లీ ఏమీ రాయలేదు.

చెబితే ఏమయ్యేది? అతనికి తలుపు తెరుచుకునేదేమో. లేక ఆవిడ లోపల ఏదో కూలిపోయి, ఇద్దరికిద్దరం బయటే ఉండేవాళ్లమేమో. ఆవిడ గుండె పగులుతుందని చెప్పలేదంటాను. నిజమేనా? ఎంత తవ్వినా అడుగున దొరికేది ఒకటే: ఆవిడ నోట నా గురించి వచ్చే ఆ మంచి మాట నాకు కావాలి.

ఆ తర్వాత నేను పులియబెట్టడం మానేశాను. అదేదో ప్రాయశ్చిత్తమని కాదు. చేతులు రావడం లేదు.

మరిదికి కొడుకు పుట్టాడు. రెండు వీధుల అవతల ఉన్న నానమ్మ వాణ్ణి ఇంతవరకూ ఎత్తుకోలేదు. మొన్న ఫోన్‌లో, "వాడు నడుస్తుండాడంట గదా" అని మెల్లగా అడిగింది నన్ను. అవునట అత్తయ్యా అన్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆవిడే "సర్లే, ఉంటా" అని పెట్టేసింది.

మీకు చెప్పాను. క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. మొదటిసారి నోరు విప్పాను కాబట్టి గొంతు కాస్త తేలికైంది, అబద్ధమెందుకు. ఆ తేలిక నా ఒక్కదానికే. మరిది ఇంకా గడప బయటే ఉన్నాడు.