తలారికి ఇవ్వమన్న అంగీ

2018 చలికాలంలో నేను కువైత్‌లోని ఖైతాన్‌లో, యూనిఫాంలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టర్‌ని. కొలత తీసి బట్ట కత్తిరించడం వరకే మాస్టర్ పని, కుట్టేది టైలర్లు. మనిషి ఎదురుగా లేకపోతే అతనికి సరిపోయే చొక్కా ఒకటి తెప్పించి దాన్ని కొలుస్తాం. దాన్నే ఆది అంటాం. ఆది లేకుండా కత్తెర పట్టినవాళ్లను నిలబెట్టి చీవాట్లు పెట్టేవాణ్ణి. అంత పొగరు నాది.

ఆ ఏడే మా అబ్బాయి సురేష్‌కు ఇరవై ఒకటి నిండాయి. వాడికి మా దుకాణంలోనే వీసా ఇవ్వడానికి కఫీల్‌ను, అంటే వీసా పూచీ ఇచ్చే యజమానిని, ఒప్పించాను. నేను మా ఊరు రాజంపేటకు పోయి నాలుగేళ్లయింది. వాడు నా పక్క మంచం మీద పడుకుంటాడని, ఇద్దరం ఒకే గిన్నెలో వండుకుంటామని తలచుకుంటే పని మీద మనసు నిలిచేది కాదు. వాడికని దుకాణం యూనిఫాం కూడా కుట్టించి మేకుకు తగిలించాను.

అప్పుడే ఫింటాస్ నుంచి సుశీలమ్మ అనే గోదావరి నర్సు వచ్చారు. చర్చి నాటకానికి రోమన్ సిపాయి అంగీ కావాలన్నారు. కథా ఆమే చెప్పారు. పూర్వం ఒక కుర్రవాణ్ణి పటాలంలో చేర్చడానికి ఎత్తు కొలిచారట. వాడి పేరు నాకు నోరు తిరగలేదు. సిపాయి గుర్తుగా మెడలో సీసపు ముద్ర వేయబోతే, తాను క్రీస్తు మనిషినని, సిపాయిగా ఉండలేనని అన్నాడు. మరణశిక్ష వేశారు. పటాలానికని తండ్రి కుట్టించిన కొత్త అంగీని తన తల నరికే తలారికి ఇచ్చేయమని తండ్రికే చెప్పి చనిపోయాడు. తండ్రి సంతోషంగా ఇంటికి వెళ్లాడట. ఆ మాట నాకు మింగుడు పడలేదు.

ఆ కుర్రవాడి వేషం దానియేలుది. జాబ్రియాలో ఇంటి డ్రైవరు, వయసు ఇరవై ఒకటి. సెలవు దొరకక ఆది చొక్కా పంపాడు.

అంగీ పట్టుకెళ్లి శుక్రవారం రిహార్సల్‌లో తొడిగి చూస్తే అంగీ అతని భుజాలు దాటి దిగలేదు. పాపం, ఊపిరి బిగబట్టుకుంటానన్నాడు. దుకాణానికి వచ్చి చూస్తే ఆది చొక్కా కట్ట విప్పకుండానే ఉంది. నేను కత్తిరించింది సురేష్ కొలత. అదీ చివరిసారి చూసినప్పటి పదిహేడేళ్ల కొలత. మేకుకున్న యూనిఫాంకు టేపు పెట్టాను. అదీ అంతే.

ఆ సాయంత్రమే సురేష్‌కు ఫోన్ చేసి, వాడికని కుట్టించిన యూనిఫాం చిన్నదైందని చెప్పి కొలతలు అడిగాను. వాడు అప్పుడు చెప్పాడు.

"నేను రాను నాయనా. ఈడనే తోటలకు డ్రిప్ పైపులేసే పనిలో చేరినా. నీకెట్ల చెప్పల్లో తెలీక నాన్చినా. ఆ అంగీ ఎవరికన్నా ఇచ్చెయ్."

గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు.

దానియేలుకు ఆది ప్రకారం మళ్లీ కత్తిరించాను. అంగీ తీసుకోవడానికి వచ్చినప్పుడు సుశీలమ్మను అడిగాను, ఆ తండ్రి సంతోషంగా ఎలా వెళ్లగలిగాడని.

"వెళ్లాడనే రాసుందండీ మాస్టారూ. దారిలో ఏడ్చాడో లేదో ఎవరు రాశారు?" అన్నారామె.

ఆ పూటే సురేష్‌కు మళ్లీ ఫోన్ చేశాను. రావద్దులే, కొలతలు మాత్రం చెప్పమన్నాను. ఇంకెందుకన్నాడు. చెప్పరా అన్నాను. పక్కింటి టైలరు దగ్గర టేపు తెచ్చి ఒక్కొక్కటే చదివాడు. భుజం నాకంటే అంగుళం ఎక్కువ. రెండోసారి చదివించుకుని రాసుకున్నాను.

ఆ కొలతకు కుట్టిన చొక్కాను ఊరికి పోయేవాళ్ల చేత పంపాను. దూరాన ఉన్న మనిషికి గుర్తున్న కొలత పనికిరాదు, అడిగి తీసుకోవాలి. నలభై ఏళ్లు కత్తెర పట్టినవాణ్ణి, ఆ సంగతి అప్పుడు నేర్చుకున్నాను.