గిన్నీకోడి గోల

మావారికి వైటూకే, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పనుల మీద సిడ్నీలో ఉద్యోగం దొరికిన కొత్తలో ఆ ఊరి శివార్లలోని రౌస్ హిల్‌లో ఒక తోట వెనక చిన్న ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. అప్పట్లో అక్కడ ఇళ్ళకంటే పచ్చికబయళ్ళే ఎక్కువ. ఆయన పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే రావడం. నాకు కారు నడపడం రాదు. పలకరించే మనిషి లేక ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఇంటి యజమానురాలు మార్గరెట్ ఆంటీ పెంచే గిన్నీకోళ్ళను నక్కలు ఎత్తుకుపోగా ఒక్క పెట్ట మిగిలింది. ఒళ్ళంతా తెల్లచుక్కలున్న ఆ కోడి రోజంతా కంచె వెంట తిరుగుతూ అరిచేది.

"ఇవి గుంపుగా బతికే పక్షులు డియర్. మిగతావాటిని పిలుస్తోంది పాపం," అంది ఆంటీ.

ఆ అరుపు వినలేక కిటికీలు మూసుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే అది నా ముందుకొచ్చి రెక్కలు విప్పి గోల పెట్టింది. "అబ్బ, పోవే!" అని కసిరి, బట్టల బుట్ట అందుకోబోయాను. బుట్ట పక్కనే గోధుమరంగు పాము తలెత్తింది! చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పాము కంచె కిందనుంచి జారిపోయేదాకా కోడి దాని చుట్టూ తిరిగి అరుస్తూనే ఉంది.

ఆ గోల విని పరుగెత్తుకొచ్చిన ఆంటీని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు పాము గురించి మాత్రమే కాదని ఆవిడకు అర్థమైనట్టుంది. "రేపట్నుంచి టీకి మా ఇంటికి రా," అంది.

తర్వాత ఇద్దరం వెళ్ళి దానికి జతగా మరికొన్ని గిన్నీకోళ్ళను తెచ్చి, నక్కలు దూరకుండా గట్టి గూడు కట్టించాం.

కోడి నన్ను కాపాడాలనే అరిచిందో, తన భయంకొద్దీ అరిచిందో నాకు తెలియదు. ఆ దేశంలో నేనూ ఒకరికి కావలసినదాన్నేనని మాత్రం పాము కనిపించిన ఆరోజే మొదటిసారి అనిపించింది.